అప్‌డేట్: చార్టులు తేటపడ్డాయి
మా నాన్నగారి చెరువుల పుస్తకం ప్రూఫులో చార్టులు అలికేసినట్టు వస్తున్నాయని అడిగాను కదా, పనైంది. వర్డ్‌లో అతికించిన బొమ్మలు తీసేసి, ఎక్సెల్ నుంచి నేరుగా పీడీఎఫ్‌ చేసి ఇచ్చాను. గీతలు స్పష్టంగా పడ్డాయి.

అసలు చిక్కు రంగులతో వచ్చింది. నలుపు-తెలుపు అచ్చులో ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిదరంగయ్యాయి. ఖరీఫ్ ఏదో రబీ ఏదో తెలియలేదు. ఒకటి నిండు గీత, ఇంకోటి చుక్కల గీత చేశాను.

చెరువు నీళ్లు పొలాలకు వదిలే తూము బొమ్మ నాన్నగారు నల్ల ఇంకుతో గీసింది. 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే అంచులు రంపప్పళ్లలా వచ్చాయి. 1200లో చేశాక ఆయన చేత్తో రాసిన ‘అలుగు’ (చెరువు నిండితే నీరు పొర్లిపోయే చోటు) అన్న మాటలో కొమ్ములు కూడా చెదరలేదు. ఆ పేజీ అమ్మకు చూపించాను, చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. సలహా ఇచ్చిన అందరికీ దండాలు.