విక్టోరియా కాలపు ఇంగ్లాండులో ఇంటి సరుకు నిజంగా కల్తీ లేనిదేనా?

పాతచింతకాయ:
నిన్న వేరే చర్చలో ఒకరు "పాతకాలంలో జనం శుభ్రమైన తిండి తిన్నారనేది ఒట్టి భ్రమ, కావాలంటే ఇంగ్లాండు చరిత్ర చూడండి" అన్నారు. చూశాను. విక్టోరియా రాణి కాలంలో అక్కడి ఇల్లాలు పంచదారను దిమ్మగా కొనేది. శంఖువు ఆకారంలో ఉండే దిమ్మ, నీలం కాగితంలో చుట్టి ఇచ్చేవారు. ఇంటికి తెచ్చి పటకారు లాంటి కత్తెరతో ముక్కలు కొట్టుకునేది. కాఫీ గింజలు ఇంట్లో వేయించి విసురుకునేది. ఉప్పు గడ్డ నలగ్గొట్టి, మిరియాలు రోట్లో దంచుకునేది. ఎండుద్రాక్షలో గింజలు కూడా చేత్తో ఒలిచేది. సబ్బు పొడవాటి కడ్డీగా తెచ్చి, కోసి, త్వరగా అరిగిపోకుండా అటక మీద ఆరబెట్టేది. సరుకు కంటి ముందే తయారైతే కల్తీ ఎక్కడినుంచి వస్తుంది? పాకెట్టు సంస్కృతి వచ్చాకే నాశనమయ్యాం.

లెస్టర్‌కోడలు:
చింతకాయ గారూ, ఆ మాట అన్నది నేనే. లండన్‌లో ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు 1850లో 34 కాఫీ పొడులు కొని మైక్రోస్కోపు కింద పెడితే కల్తీ లేనివి మూడే తేలాయి, మిగతావాటిలో చికోరీ వేరు పొడి. 1851 నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆయన పరీక్షలను కొట్టువాళ్ళ పేర్లు, చిరునామాలతో సహా అచ్చేసింది. రొట్టె తెల్లగా కనబడాలని పటిక. ఆవపొడిలో గోధుమపిండి, రంగు పోకుండా మన పసుపు. పిల్లలు తినే మిఠాయిల పసుపురంగులో సీసం. వాడేసిన టీ ఆకును ఎండబెట్టి, రంగేసి మళ్ళీ అమ్మేవాళ్ళూ ఉండేవారు. ఇదంతా పాకెట్లలో కాదు, మీరు మెచ్చుకునే విడి సరుకులోనే.

నిద్రరానివాడు:
కాఫీలో చికోరీ కల్తీ అంటే మా ఇంట్లో గొడవలైపోతాయి. చికోరీ లేకపోతే మా నాన్న కప్పు తోసేస్తాడు.

పాతచింతకాయ:
అమ్మా, మీరు చెప్పిందే నా వాదన. పొడి కొంటే కల్తీ, గింజ కొంటే లేదు. ఆవపొడి కొన్నవాడు మోసపోయాడు, ఆవాలు కొన్నవాడు పోలేదు. పంచదార దిమ్మలో ఏం కలుపుతారు చెప్పండి?

లెస్టర్‌కోడలు:
దిమ్మ బాగానే ఉండేది, కాదనను. కానీ ఎవరు కొన్నారు దాన్ని? కూలివాళ్ళు కొన్నది చవకరకం బ్రౌన్ షుగర్. అందులో హాసల్‌కు పురుగులు కనబడ్డాయి. రోజు కూలీ మీద బతికేవాళ్ళు టీ, పంచదార ఏ పూటకాపూట కాస్తకాస్త తెచ్చుకునేవారు. చాలా ఇళ్ళలో పొయ్యి తప్ప ఓవెన్ లేదు. ఆదివారం మాంసం రొట్టెల బట్టీకి పంపి కాల్పించుకునేవారు. వాళ్ళని కాఫీ గింజలు వేయించుకోమంటారా?

పాతచింతకాయ:
దిమ్మ బాగానే ఉండేదని ఒప్పుకున్నారు. అంతే చాలు.

ఒంగోలుగిత్త:
ఇద్దరూ పంచదార దగ్గరే ఆగిపోయారు, కదలండి.

పాతచింతకాయ:
కదులుతాను. మొన్న సంక్రాంతికి ఒక పాకెట్టు కారం తెచ్చాం. కూర ఎర్రగా నిగనిగలాడింది, తిన్న నలుగురికీ రాత్రంతా కడుపులో మంట. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే బిల్లు నంబరు అడిగారు. మా అమ్మ దంచిన కారానికి బిల్లు నంబరు లేదు, కడుపు మంటా లేదు. మీరు పాకెట్టును వెనకేసుకొస్తే నాకు మండదా?

లెస్టర్‌కోడలు:
నేను పాకెట్టును వెనకేసుకు రాలేదు. కానీ అది ఎందుకొచ్చిందో చూడండి. జాన్ హార్నిమన్ 1826లోనే, అంటే రాణి గద్దెనెక్కకముందే, టీని సీలువేసిన పొట్లాల్లో అమ్మాడు. కొట్టువాడు మధ్యలో చెయ్యి పెట్టకూడదనే. 1844లో రాచ్‌డేల్ అనే ఊరి కార్మికులు చందాలు పోగేసి సొంత కొట్టు పెట్టుకున్నది కూడా కల్తీ లేని పిండి, వెన్న, పంచదార సరైన తూకంతో దొరకాలనే. ఇక 1858లో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో జరిగిన సంగతి. పంచదార ఖరీదని మిఠాయిలో జిప్సం పొడి కలపడం అక్కడ మామూలు. ఆ రోజు మందుల కొట్టు కుర్రాడు పొరపాటున జిప్సం బదులు ఆర్సెనిక్ తూచి ఇచ్చాడు. 20 మంది దాకా చనిపోయారు, 200 మందికి జబ్బు చేసింది. సంతలో విడిగా అమ్మిన మిఠాయి అది.

పాతచింతకాయ:
చావులు చూపించి నోరు మూయించడం సులభం. మీ తరానికి రోలు అంటే ఏవగింపు, అసలు సంగతి అదీ. ఒళ్ళు వంగదు, దానికి హాసల్ గారి సాక్ష్యం.

లెస్టర్‌కోడలు:
సరే, ఒళ్ళు సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. మీ మొదటి పోస్టులో కొట్టుకునేది, దంచుకునేది, ఒలిచేది, ఆరబెట్టేది అని వరసగా రాశారు. చేసింది ఎవరు? పనిమనిషిని పెట్టుకోగల ఇంట్లో ఇల్లాలు కాదండీ. అన్ని పనులకూ ఒక్కతే పిల్ల, కొందరికి పదిహేనేళ్ళు కూడా నిండేవి కావు. పొద్దున్నే లేచి పొయ్యికి నల్లరంగు రుద్ది, బొగ్గు మోసి, నీళ్ళు మోసి, తర్వాత మీ పంచదార దిమ్మ. సోమవారం బట్టలు. ముందురోజు నానబెట్టి, సబ్బు తురిమి, కాగులో ఉడకబెట్టి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి పిండేసరికి చేతులు పగిలిపోయేవి. 1891 నాటికి ఇళ్ళలో పనికున్న ఆడవాళ్ళు పది లక్షల పైమాటే. పనిమనిషి లేని ఇంట్లో ఆ చాకిరీ అంతా ఇల్లాలిదే. మా అత్తగారింట్లో మొదటి రెండేళ్ళు మిక్సీ ఉండి కూడా పచ్చళ్ళన్నీ నాచేతే రోట్లో నూరించారు, రుచి పోతుందని. తినేవాళ్ళు ఎవరూ ఒక్కసారి రోకలి పట్టలేదు. మీ అమ్మగారు కారం దంచిన రోజు మీరేం చేస్తున్నారు?

ఒంగోలుగిత్త:
😬

మావూరిమంగలి:
మా ఇంట్లో దంచే రోజు మగాళ్ళంతా తుమ్ములొస్తాయని అరుగు మీదకి పోయేవాళ్ళు. నిజం ఒప్పుకోవాలి.

పాతచింతకాయ:
నేను బళ్ళో ఉండేవాణ్ణి. సెలవు రోజైతే తొడిమలు తీసేవాణ్ణి. ఆమె ఎప్పుడూ కష్టమని అనలేదు.

లెస్టర్‌కోడలు:
ఎవరైనా అడిగారా?

నిద్రరానివాడు:
1875లో అక్కడ గట్టి కల్తీ చట్టం వచ్చింది కదా, ఎవరూ ఎత్తరేం? రోలూ పాకెట్టూ కాదు, తనిఖీ చేసేవాడు ఉండాలి.

పాతచింతకాయ:
చట్టం సంగతి వేరే చర్చలో పెట్టుకోండి. అమ్మ విషయం నేను ఇక్కడ మాట్లాడను. రేపు ఫోన్ చేసినప్పుడు అడుగుతాను, అది నాకూ ఆమెకూ మధ్య. కానీ పంచదార దిమ్మలో కల్తీ చెయ్యలేరన్న మాటను మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, గమనించండి.