పని నేర్చుకున్న తాత్కాలిక కార్మికులు నిలవడం లేదు, ఎంత పెంచితే ఉంటారు?

ప్యాకింగ్ విభాగం
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి కొత్తవాళ్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను, దారి తోచడం లేదు. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో మాత్రలు తయారుచేసే కంపెనీ. నేను ప్యాకింగ్ చూస్తాను. మా దగ్గర తాత్కాలిక కార్మికులే ఎక్కువ. ఒక మనిషి బ్లిస్టర్ లైన్ మీద (మాత్రలను రేకుల్లో సీలు చేసే చోట) సొంతంగా నిలబడాలంటే గౌను వేసుకునే పద్ధతి నుంచి లైన్ క్లియరెన్స్ (పాత బ్యాచ్ మిగులు ఏదీ లైన్ మీద లేదని చూసుకోవడం) దాకా అన్నీ నేర్పాలి, పరీక్ష పెట్టాలి, శిక్షణ రికార్డులో సంతకాలు తీసుకోవాలి. తీరా చేయి తిరిగేసరికి మానేస్తున్నారు. మళ్లీ మొదటి నుంచి ఇంకొకరికి నేర్పాలి. రోజుకు 50 రూపాయలు పెంచేలా యాజమాన్యాన్ని ఒప్పించాను, అయినా ఎవరూ ఆగలేదు. దసరాకు ఊరికి వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు. ఇంకా ఎంత పెంచితే ఉంటారు? ఇలాంటి చోట పనిచేసేవారు ఎవరైనా చెప్పండి. చాలా అవసరం.

నిష్కర్ష
జీతం ఏ తేదీన పడుతోంది?

లేబర్ చట్టాలు
ముందుగా ఒక స్పష్టత కావాలి. తాత్కాలిక కార్మికులు అంటున్నారు, అందులో ఎవరు? కాంట్రాక్టరు పంపినవారా, మీ కంపెనీయే నిర్ణీత కాలానికి నియమించినవారా, రోజు కూలీలా? మూడింటికీ హక్కులు వేరు. పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం నిర్ణీత కాల ఉద్యోగికి అదే పని చేసే పర్మనెంటు ఉద్యోగితో సమానంగా వేతనం, ఇతర సదుపాయాలు ఇవ్వాలి. ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ కూడా వస్తుంది. పర్మనెంటు వారికి ఐదేళ్లు నిండాలి. కాంట్రాక్టరు కింద ఉన్నవారి లెక్క వేరు. పైగా ప్యాకింగ్ మీ కంపెనీ ప్రధాన పనిలో భాగమా కాదా అన్న ప్రశ్న కూడా ఉంది. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో చేసిన సవరణ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదంది. కొత్త కోడ్‌లోనూ కొన్ని మినహాయింపులతో ఆ నిషేధం ఉంది. కాబట్టి వాళ్లు ఎందుకు నిలవడం లేదని అడిగే ముందు, వాళ్లను ఏ పద్ధతిలో పెట్టుకున్నారో చూసుకోవాలి.

పాలమూరు గాలి
ఆయన మనుషులు ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగితే మీరు చట్టాల చరిత్ర చెబుతున్నారు. మా ఊరి నుంచి ఆ కంపెనీలకు వెళ్లే పిల్లలకు ఈ కోడ్‌ల పేర్లు కూడా తెలియవు. పక్క కంపెనీవాళ్లు 30 రూపాయలు ఎక్కువ ఇస్తామంటే వెళ్లిపోతారు, అంతే.

లేబర్ చట్టాలు
తెలియవు కాబట్టే చెప్పాలి. నిర్ణీత కాల ఉద్యోగిగా పెట్టుకుంటే ఆ మనిషి మీ కంపెనీ ఉద్యోగి అవుతాడు, మీరు ఇచ్చిన నియామక పత్రం అతని చేతిలో ఉంటుంది. కాంట్రాక్టు కార్మికుడు కాంట్రాక్టరు మనిషి. ఎంతకాలం ఉంటాడన్నది ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. సుప్రీంకోర్టు కూడా 2016లో సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని చెప్పింది.

పాలమూరు గాలి
ఆ తీర్పు పంజాబ్ ప్రభుత్వంలోని తాత్కాలిక ఉద్యోగుల గురించి. ప్రైవేటు కంపెనీ ప్యాకింగ్ లైన్‌కు దాన్ని నేరుగా అతికించలేం.

రాత్రి షిఫ్టు
నేను ఇలాంటి కంపెనీలోనే కాంట్రాక్టరు కింద ప్యాకింగ్‌లో చేశాను. ఇప్పుడు వేరే చోట కంపెనీ ఉద్యోగిని. అందుకే రాస్తున్నాను. 30 రూపాయల కోసం వెళ్లిపోతారన్నది బయటి నుంచి చూసేవారి మాట. వెళ్లిపోవాలని మనసులో ముందే అనుకున్నాకనే ఆ 30 రూపాయలు కనబడతాయి.

బ్యాచ్ మారినప్పుడు యంత్రం చేంజోవర్ నాకు బాగా వచ్చు. కొత్తగా చేరిన కంపెనీ ఆపరేటర్లకు నేనే చూపించేదాన్ని. వాళ్లు కంపెనీ బస్సులో వచ్చేవారు. మేము పెద్ద రోడ్డు మీద దిగి షేర్ ఆటోలో వచ్చేవాళ్లం. రాత్రి పది గంటలకు షిఫ్టు వదిలితే ఆటో నిండేదాకా ఆడవాళ్లం గేటు బయట నిలబడాలి. మా ఊరి మీదుగా వెళ్లే బస్సు సగం ఖాళీగా మా ముందు నుంచే పోయేది. కాంట్రాక్టువాళ్లను ఎక్కించుకోకూడదని డ్రైవరుకు చెప్పారు. క్యాంటీన్‌లో మాకు కూపను రేటు వేరు. తలకు పెట్టుకునే టోపీ రంగు కూడా వేరు. లైన్ ఇన్‌చార్జి నన్ను పేరుతో పిలిచినట్టు గుర్తులేదు, "కాంట్రాక్టు అమ్మాయి" అనేవాడు. రికార్డులో తప్పు దొర్లితే మాత్రం నా పేరు మొదట వినిపించేది.

వీటన్నిటికన్నా బాధపెట్టింది మార్చి నెల. కాంట్రాక్టు మార్చి 31తో అయిపోతుంది. ఏప్రిల్ ఒకటిన రావాలో వద్దో 30వ తేదీ సాయంత్రం దాకా ఎవరూ చెప్పరు. ఇంట్లో అద్దె, పిల్లల ఫీజులు ఉన్న మనిషి అప్పటిదాకా ఎలా ఆగుతుంది? ఫిబ్రవరిలోనే వేరే కంపెనీలో మాట్లాడుకునేవాళ్లం. తీరా అందరినీ కొనసాగిస్తున్నాం అని చెప్పేసరికి పని బాగా వచ్చినవాళ్లంతా వెళ్లిపోయి ఉండేవారు. పని రానివాళ్లను ఎవరూ పిలవరు కదా, వాళ్లే మిగిలేవారు.

ఒక సూపర్‌వైజర్ మేడమ్ మాత్రం వారం ముందే షిఫ్టు పట్టిక గోడకు అంటించేవారు. ఎవరికైనా ఇంట్లో పని ఉంటే షిఫ్టు మార్చి రాసేవారు. ఆమె ఉన్నంతకాలం మా లైన్ నుంచి మానినవారు చాలా తక్కువ.

లైన్ మెకానిక్
టోపీ రంగు గురించి ఒక మాట. మందుల కంపెనీలో ఎవరు ఏ గదిలోకి వెళ్లవచ్చో తెలియడానికి రంగులు పెడతారు. కలగలుపు జరగకుండా అది అవసరం. దాన్ని వివక్ష అనకూడదు.

రాత్రి షిఫ్టు
గదిని బట్టి రంగు ఉంటే నాకు అభ్యంతరం లేదండి. ఒకే గదిలో, ఒకే యంత్రం మీద, ఒకే పని చేసే ఇద్దరికి రెండు రంగులు ఎందుకు?

లైన్ మెకానిక్
అలా అయితే తీసేయవచ్చు. మా దగ్గర శిక్షణ పూర్తయినవారికి ఒక బ్యాడ్జి ఉంటుంది, కంపెనీ మనిషైనా, కాంట్రాక్టరు మనిషైనా సరే.

పాస్‌బుక్
ఇంతమంది రాశారు, పీఎఫ్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. నేను ఎక్కడ చూసినా తాత్కాలిక కార్మికులు మోసపోయామనుకునేది ఇక్కడే. జీతంలో 12 శాతం కోస్తారు, యజమాని వైపు నుంచి ఇంకో 12 శాతం కట్టాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా అదే యూఏఎన్ (కార్మికుడికి ఎప్పటికీ ఒకటే ఉండే పీఎఫ్ నంబరు) కింద కొత్త మెంబర్ ఐడీ, అంటే కొత్త ఖాతా నంబరు వస్తుంది. పాత కాంట్రాక్టరు మానేసిన తేదీ నమోదు చేయడు. ఇక పాత డబ్బు బదిలీ కాదు, తీసుకోవడమూ కుదరదు. కార్మికుడు తన డబ్బు కంపెనీ తినేసిందనే అనుకుంటాడు. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని కార్మికుడే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు, ఆధార్‌కు ఫోను నంబరు జతై ఉంటే చాలు. ఇది నూటికి తొంభై మందికి తెలియదని నా అనుభవం. చేరిన మొదటి వారంలోనే ఒక మనిషిని కూర్చోబెట్టి ప్రతి ఒక్కరికీ యూఏఎన్ తెరిపించి, పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూపించండి. ఖర్చు లేని పని.

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కూడా అంతే. జీతం నెలకు 21,000 లోపు ఉంటే కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటేనే జబ్బు చేసినప్పుడు నగదు భత్యం వస్తుంది. కొత్త కాంట్రాక్టరు పాత ఈఎస్‌ఐ నంబరు వాడకుండా కొత్తది తీయిస్తే ఆ రోజులన్నీ లెక్కలోకి రావు.

నిష్కర్ష
జీతం తేదీ అడిగాను.

ప్యాకింగ్ విభాగం
అందరికీ జవాబిస్తున్నాను. వాళ్లు కాంట్రాక్టరు మనుషులే, అది తెలిసిందే కదా అని విడిగా రాయలేదు. జీతం ఇచ్చేది కాంట్రాక్టరే. ఆయన బిల్లు పెడతారు, మా ఆర్థిక విభాగం పాస్ చేస్తుంది, తర్వాత ఆయన ఖాతాల్లో వేస్తారు. 18, 20 అలా పడుతుంది. ఒక్కోసారి ఇంకా ఆలస్యం. కాంట్రాక్టరు ఏడాదికోసారి మారతారు. మారేటప్పుడు పాతవాళ్లకు కొన్ని రోజులు విరామం ఇచ్చి కొత్త కాంట్రాక్టరు కింద మళ్లీ తీసుకుంటాం. బస్సు మాత్రం కంపెనీ ఉద్యోగులకే.

పాలమూరు గాలి
ఇది మొదటే చెప్పాల్సిందండీ! 20వ తేదీన జీతం పడితే 5వ తేదీన ఇంటి అద్దె ఎలా కడతారు? అప్పు తెచ్చుకుంటారు, వడ్డీ కడతారు. మీరు పెంచిన 50 రూపాయలు ఆ వడ్డీకే పోయి ఉంటాయి. నా 30 రూపాయల మాట పక్కన పెట్టండి, ఇక్కడ సమస్య అది కాదు.

నిష్కర్ష
బిల్లుకూ జీతానికీ ముడి తెంచండి. 7వ తేదీ. ముందు అది చేయండి.

లేబర్ చట్టాలు
నిష్కర్ష గారు చెప్పింది చట్టం కూడా. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదు. మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. కాంట్రాక్టరు ఇవ్వకపోతే ఆ బాధ్యత మీ కంపెనీదే, తర్వాత మీరు కాంట్రాక్టరు బిల్లులో కోసుకోవచ్చు. ఓటీకి, అంటే అదనపు గంటల పనికి రెట్టింపు ఇవ్వాలి. క్యాంటీన్, విశ్రాంతి గది లాంటివి కొత్త కోడ్ ప్రకారం కాంట్రాక్టు కార్మికులకు కూడా కంపెనీయే కల్పించాలి, కాంట్రాక్టరు మీద తోయడానికి లేదు. ఇంకొకటి, కార్మికుడు అడిగితే చేసిన పనికి అనుభవ పత్రం కాంట్రాక్టరు ఇవ్వాలి. ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చారా?

ప్యాకింగ్ విభాగం
అనుభవ పత్రం ఇచ్చినట్టు నాకు తెలియదు. ఇస్తే అది పట్టుకుని ఇంకా తొందరగా వెళ్లిపోతారని మావాళ్లు అంటారు.

రాత్రి షిఫ్టు
కాగితం ఇవ్వకపోతే మనిషి ఆగుతుందా? నాకు ఎవరూ ఇవ్వలేదు, అయినా మానేశాను. కొత్త చోట హెల్పర్‌గా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఆ కోపం ఇప్పటికీ ఉంది. పని నేర్చుకుంటే దానికి ఇక్కడ ఒక లెక్క ఉంది అని కనబడాలి. హెల్పర్ నుంచి ఆపరేటర్‌కు వెళితే రోజుకు ఎంత పెరుగుతుందో, పర్మనెంటు ఖాళీ వస్తే లైన్ మీద ఉన్నవాళ్లను ముందు పిలుస్తారో లేదో రాసి పెట్టండి. మా కంపెనీలో ఇప్పుడు అలాగే చేస్తున్నారు, నేను వచ్చింది ఆ దారినే.

పాస్‌బుక్
ఆ విరామం ఆపండి. నా లెక్కలో మీ దసరా కథకు సగం కారణం అదే. పని లేని రోజుల్లో ఊరికి వెళ్లినవాడు అక్కడే ఏదో ఒకటి చూసుకుంటాడు. కాంట్రాక్టరు మారినా మనుషులు మారకూడదని కొత్త ఒప్పందంలో రాయించండి, పాత యూఏఎన్, పాత ఈఎస్‌ఐ నంబరే వాడాలని కూడా.

లైన్ మెకానిక్
విరామం ఇచ్చేది వరుసగా 240 రోజులు నిండి సర్వీసు లెక్కకు రాకూడదనేగా?

లేబర్ చట్టాలు
అలా విరామాలు ఇస్తే సర్వీసు తెగిపోతుందనుకోవడం చాలామందికి ఉన్న భ్రమ. ఆ 240 రోజుల లెక్క గురించి విడిగా రాస్తాను, ఇక్కడ పెద్దదవుతుంది.

ప్యాకింగ్ విభాగం
ఆర్థిక విభాగంతో మాట్లాడాను. కాంట్రాక్టరు 7వ తేదీలోపు జీతాలు వేసినట్టు రుజువు చూపిస్తేనే బిల్లు పాస్ చేస్తామని కొత్త ఒప్పందంలో రాయడానికి ఒప్పుకున్నారు. బస్సులో ఖాళీ సీట్లు ఇవ్వడానికి రవాణావాళ్లు బీమా పేరు చెబుతున్నారు, అది తేలలేదు. షిఫ్టు పట్టిక మాత్రం రేపటి నుంచి వారం ముందే పెడుతున్నాను, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాత్రి షిఫ్టు
మంచిది. మార్చి సంగతి కూడా అడగండి. జనవరిలోనే చెప్పించండి.

గోదాము పని
నాదీ ఇలాంటి సందేహమే. మాది సరుకుల గోదాము, రోజు కూలీలు పాతికమంది ఉంటారు. వాళ్లకు ఈఎస్‌ఐ ఉంటుందా?

పాస్‌బుక్
ఉంటుంది. పది మంది ఉంటే చాలు. రోజు కూలి 176 రూపాయల లోపు అయితే కార్మికుడి వాటా కోయకూడదు, మీ వాటా కట్టాలి.

ప్యాకింగ్ విభాగం
అందరికీ ధన్యవాదాలు. షిఫ్టు మారే సమయం, వెళుతున్నాను.

గోదాము పని
మరి హమాలీలకు? వాళ్లకు బస్తాకు ఇంత అని ఇస్తాం.