లిగమెంట్ తెగిన రెండు పాత్రల ఆటగాణ్ణి మళ్ళీ మౌండ్ ఎక్కించాలా, బ్యాట్‌కే పరిమితం చేయాలా?

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం):

‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’ గేమ్ ఆడేవారు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారో గానీ, ఉన్నవారందరి అభిప్రాయమూ నాకు కావాలి. తెలియనివారి కోసం ఒక మాట. ఈ గేమ్‌లో మనం బంతి విసరం, బ్యాట్ ఊపం. మేనేజర్ కుర్చీలో కూర్చుని ఎవరిని ఏ రోజు ఆడించాలి, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలి, ఎవరిని ఎలా తయారు చేయాలి అన్నవి నిర్ణయిస్తాం. పిచింగ్ (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది), బ్యాటింగ్ రెండూ చేయగల ఒక కుర్రాణ్ణి పద్దెనిమిదేళ్ళ వయసులో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, తీసుకుని ఎనిమిది సీజన్లుగా పెంచుతున్నాను. క్రికెట్ మాటల్లో అతణ్ణి ఆల్‌రౌండర్ అనవచ్చు గానీ, బేస్‌బాల్‌లో ఈ పాత్ర అంతకన్నా కష్టమైనది. మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్ మౌండ్ అనే మట్టి దిబ్బ మీద నిలబడి ఒక మ్యాచ్‌లో తొంభై, వంద బంతులు పూర్తి బలంతో విసిరి తర్వాత నాలుగైదు రోజులు చేతికి విశ్రాంతి ఇస్తాడు. బ్యాటర్ మాత్రం సీజన్‌లోని 162 మ్యాచ్‌లలో దాదాపు అన్నీ ఆడాలి. ఈ రెండు పనులూ ఒకే ఒంటి మీద వేస్తే విశ్రాంతికి చోటే మిగలదు.

గేమ్‌లో కిందటి ఏడాది ఆగస్టులో, మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరోదానిలో, 97వ బంతి దగ్గర అతని మోచేతి లిగమెంట్ తెగింది. తప్పు నాదే. ప్లేఆఫ్స్‌కు చేరతామన్న ఆశతో ఆ నెలలో వంతులవారీగా మ్యాచ్‌లు మొదలుపెట్టే ఆరుగురు పిచర్ల రొటేషన్‌ను ఐదుగురికి తగ్గించాను, అతను అలసిపోయి ఉన్నాడని తెర చెబుతూనే ఉన్నా ‘ఈ ఒక్క మ్యాచ్’ అనుకుంటూ మూడు మ్యాచ్‌లు ఆడించాను. పదమూడు నెలల తర్వాత ఇప్పుడు అతను గాయాల జాబితా నుంచి బయటికి వచ్చాడు. 20 నుంచి 80 వరకు ఉండే కొలమానంలో అతని ‘స్టఫ్’, అంటే బ్యాటర్‌కు బంతి అందనివ్వని గుణం, 65 నుంచి 55కు పడిపోయింది. కంట్రోల్, అంటే బంతిని అనుకున్న చోటికి విసిరే గుణం, 50 దగ్గరే నిలిచింది. బ్యాటింగ్‌లో పవర్, అంటే బంతిని దూరంగా కొట్టే బలం, 70, దానికి ఏమీ కాలేదు.

మౌండ్ మళ్ళీ ఎక్కించాలన్నదే నా ఉద్దేశం. అయితే సహాయ కోచ్ సలహా దానికి వ్యతిరేకంగా ఉంది, నిజం చెప్పాలంటే నా మనసులో సగం కూడా అటే లాగుతోంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

బ్యాట్‌కే పరిమితం చేయండి. ఇందులో తటపటాయించవలసినది ఏమీ కనిపించడం లేదు.

ఆ కొలమానంలో 50 అంటే సగటు. స్టఫ్ 55, కంట్రోల్ 50 ఉన్న పిచర్ ఏ జట్టులోనైనా నాలుగో స్థానంలోనో ఐదో స్థానంలోనో దొరుకుతాడు, కొంచెం డబ్బు పెడితే డిసెంబరులో కొనుక్కోవచ్చు. పవర్ 70 ఉన్న బ్యాటర్లు మాత్రం మొత్తం లీగ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. అరుదైన సరుకును పణంగా పెట్టి అంగడిలో దొరికే సరుకును సంపాదించుకోవడం మేనేజర్ చేయవలసిన పని కాదు.

నిజమైన ఆటనే సాక్ష్యంగా తీసుకోండి. పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే జపాన్ ఆటగాడు షోహెయ్ ఒటానీకి 2023 ఆగస్టులో లిగమెంట్ దెబ్బతిని, సెప్టెంబరులో శస్త్రచికిత్స జరిగింది. 2024లో అతను ఒక్క బంతి కూడా విసరలేదు. ఆ ఏడాదే 54 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి) కొట్టి, 59 బేసులు దొంగిలించి (తోటి బ్యాటర్ కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరి), ఒకే సీజన్‌లో ఈ రెండింటిలోనూ యాభై దాటిన మొదటి ఆటగాడయ్యాడు. చేతిని కాపాడుకోవలసిన పని లేనప్పుడు కాళ్ళు కూడా ఎంత స్వేచ్ఛగా పరుగెత్తుతాయో ఆ 59 చెబుతోంది. వందేళ్ళ కిందటి బేబ్ రూత్ సంగతీ అంతే. బోస్టన్‌లో అతను మంచి పిచర్, 1918లో 166 ఇన్నింగ్స్‌కు పైగా విసిరాడు. 1919లో పిచింగ్ తగ్గించగానే 29 హోమ్ రన్లు వచ్చాయి. న్యూయార్క్ యాంకీస్ జట్టుకు వెళ్ళిన 1920లో అవి 54 అయ్యాయి, ఆ జట్టుతో గడిపిన పదిహేను సీజన్లలో అతను మౌండ్ ఎక్కింది అయిదు మ్యాచ్‌లలోనే. అతణ్ణి పిచింగ్ నుంచి తప్పించినందుకు యాంకీస్‌ను ఎవరూ తప్పుపట్టలేదు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

ఇంత ఆలోచన ఎందుకు? ఆగస్టుకు ముందు దాచుకున్న సేవ్ ఉంటే అక్కడికి వెళ్ళి రొటేషన్ సరిచేసుకోండి. గేమ్ మీది, ఎవరికీ సమాధానం చెప్పనవసరం లేదు.

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం):

తుంగభద్ర గారూ, సేవ్ ఉంది. గాయమైన రాత్రి దాని మీద మౌస్ పెట్టి చాలాసేపు చూశాను కూడా. నొక్కలేదు. ఆ అలసట గుర్తును చూస్తూ ఆడించింది నేనైనప్పుడు, దాని ఫలితాన్ని చెరిపేస్తే ఎనిమిది సీజన్లలో నేను తీసుకున్న నిర్ణయాలలో ఒక్కదానికీ బరువు ఉండదు. ఆ దారి నాకు వద్దు.

బురుజు గారూ, రూత్ ఉదాహరణలో మీరు ఒక విషయం వదిలేశారు. రూత్‌ను మళ్ళీ మౌండ్ ఎక్కించాలని యాంకీస్ ప్రయత్నించలేదు కాబట్టి ప్రయత్నిస్తే ఏమయ్యేదో మనకు తెలియదు. ఒటానీ విషయంలో ప్రయత్నం జరిగింది, అదీ ఒకసారి కాదు. అతనికి మొదటి శస్త్రచికిత్స 2018 అక్టోబరులో అయింది. 2019లో బ్యాటర్‌గానే ఆడాడు. 2020లో మౌండ్ మీదికి తిరిగి వచ్చి రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే సగటు పరుగులు, తక్కువైతే మేలు) 37.80. ఆ రోజు మీరు అతని అప్పటి జట్టు ఏంజెల్స్‌కు మేనేజర్ అయి ఉంటే అతని పిచింగ్ కథ అక్కడే ముగిసేది. కానీ 2021లో 46 హోమ్ రన్లతో పాటు తొమ్మిది విజయాలు, 3.18 ఈఆర్‌ఏ వచ్చాయి, లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఎంవీపీ కూడా వచ్చింది. 2022లో 166 ఇన్నింగ్స్, 2.33 ఈఆర్‌ఏ, 219 స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం), 34 హోమ్ రన్లు. సగటుల పట్టికలో చోటు కోసం పిచర్‌కు 162 ఇన్నింగ్స్, బ్యాటర్‌కు 502 సార్లు బ్యాట్ పట్టడం అవసరం. ఆధునిక యుగంలో రెండు పట్టికల్లోనూ ఒకే సీజన్‌లో చోటు సంపాదించినవాడు అంతకు ముందు లేడు.

ఆ లెక్కను నా జట్టుకు వర్తింపజేసి చూశాను. ఆరుగురి రొటేషన్‌లో ఒక్కొక్కరికి 27 మ్యాచ్‌లు వస్తాయి. మ్యాచ్‌కు ఆరు ఇన్నింగ్స్ చొప్పున విసిరితే సరిగ్గా 162. అంటే ఆగస్టులో నేను చేసిన తొందర అవసరమే లేదు, విశ్రాంతి ఇస్తూనే ఆ గీత దాటించవచ్చు.

స్టఫ్ 55 అంగడిలో దొరుకుతుందన్న మాట నిజమే, కానీ దాన్ని కొంటే జట్టులో ఒక చోటు పోతుంది. 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించరాదన్నది ఇప్పటి నిబంధన. 20 ఇన్నింగ్స్ విసిరి, 20 మ్యాచ్‌లలో బ్యాటర్‌గా ఆడి రెండు పాత్రల హోదా పొందినవాడు ఆ 13 మందిలో లెక్కకు రాడు. నా కుర్రాడు పిచింగ్ చేస్తే నాకు పద్నాలుగో పిచర్ దొరికినట్టే. సగటు పిచరే అయినా, చోటు ఖర్చు కాకుండా వచ్చిన సగటు పిచర్‌కు విలువ వేరు.

పెన్నా_ఒడ్డు (కడప):

ఇద్దరి మాటలూ శ్రద్ధగా చదివాను. ఈ సమస్యను నేను క్రికెట్ వైపు నుంచి అర్థం చేసుకున్నాను. హార్దిక్ పాండ్యాకు 2019లో వెన్ను శస్త్రచికిత్స అయ్యాక చాలా కాలం అతను దాదాపు బ్యాటర్‌గానే ఆడాడు, బౌలింగ్ చేయని పాండ్యాకు జట్టులో చోటెందుకని ఊరూరా వాదన నడిచింది. 2022 ఐపీఎల్‌లో గుజరాత్ కెప్టెన్‌గా మళ్ళీ బంతి పట్టి కప్పు గెలిచాడు. కాబట్టి తిరిగి రాదగినవాడు తిరిగి రావాలనే నేనూ అంటాను. అయితే ఫాస్ట్ బౌలర్ నాలుగు ఓవర్లతో మొదలుపెట్టవచ్చు. స్టార్టింగ్ పిచర్‌కు అలాంటి చిన్న పని లేదు.

అందుకే నా సలహా, అతణ్ణి చివరి ఇన్నింగ్స్ విసిరే రిలీఫ్ పిచర్‌గా మార్చండి. ఒక్కో రోజు పదిహేను, ఇరవై బంతులతో సరిపోతుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

పెన్నా అన్నా, ఆ సలహాలో ఒక చిక్కు ఉంది. 2022లో వచ్చిన నిబంధన ప్రకారం స్టార్టింగ్ పిచర్ మౌండ్ దిగిన తర్వాత కూడా డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా, అంటే ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా, కొనసాగవచ్చు. ఆ సౌలభ్యం స్టార్టర్‌కే. డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఆడుతున్నవాణ్ణి మ్యాచ్ మధ్యలో మౌండ్ ఎక్కిస్తే జట్టు ఆ హిట్టర్ స్థానాన్నే కోల్పోతుంది, అతను పిచింగ్ ముగించాక ఆటలో ఉండాలంటే ఫీల్డింగ్‌కు వెళ్ళాలి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో స్కోరు సమమైతే పవర్ 70 బ్యాట్ బెంచీ మీద ఉంటుంది. పైగా రిలీఫ్ పిచర్ ఏ రోజు అవసరమవుతాడో ముందుగా తెలియదు. స్టార్టర్‌కు కనీసం తేదీ తెలుసు.

అనంత గారి జట్టు చోటు వాదన నన్ను కొంత కదిలించింది, ఒప్పుకుంటున్నాను. 2020 ఈఆర్‌ఏ సంగతి కూడా నేను మరిచిపోయాను. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. కోలుకున్న పిచర్‌ను చిన్న లీగ్‌లలో కొన్ని వారాలు ఆడించి తేవడం ఆనవాయితీ. ఆ వారాలన్నీ అతని బ్యాట్ మీ దగ్గర ఉండదు. ఆ నష్టాన్ని ఎలా పూడుస్తారు?

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం):

చిన్న లీగ్‌కు పంపను. 2025లో ఒటానీని అతని జట్టు డాడ్జర్స్ కూడా పంపలేదు. అప్పటికి ఒటానీ బ్యాట్ ప్రతిరోజూ కావాలి కాబట్టి మ్యాచ్‌కు ముందు మైదానంలోనే తోటి బ్యాటర్లకు విసిరించి, జూన్ 16న నేరుగా పెద్ద మ్యాచ్‌లో ఒకే ఒక్క ఇన్నింగ్స్ వేయించారు. ఆ సీజన్ మొత్తంలో 14 మ్యాచ్‌లు, 47 ఇన్నింగ్స్. 70 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చిన ఆటగాడితో 47 ఇన్నింగ్స్ చాలనుకునే ఓపిక వారికి ఉంది. ఆ ఒప్పందం కూడా 2023 డిసెంబరులో, ఆ మరుసటి ఏడాది అతను బంతి విసరలేడని తెలిసే, కుదుర్చుకున్నది. ఆ ఓపికకు ఫలితం అక్టోబరు 17న కనిపించింది. నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ నాలుగో మ్యాచ్‌లో అతను ఆరు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వకుండా పది మందిని స్ట్రైకౌట్ చేసి, అదే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టాడు.

కాబట్టి నా పథకం ఇది. ఏప్రిల్, మే నెలల్లో బ్యాట్ మాత్రమే. జూన్‌లో ఆరుగురి రొటేషన్‌లో అతని వంతు వచ్చినప్పుడు 20 బంతుల పరిమితి, ఇన్నింగ్స్ ముగియకపోయినా దించేస్తాను. రెండు వంతులకోసారి పది, పదిహేను బంతులు పెంచుతాను. ఆ రోజుల్లో మిగతా ఇన్నింగ్స్ విసరడానికి పద్నాలుగో చోటులో ఇంకొక పిచర్‌ను ఉంచుతాను, ఆ చోటుకు అదే మంచి ఉపయోగం. సీజన్ మొత్తానికి 50 ఇన్నింగ్స్ దాటనివ్వను.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

ప్లేఆఫ్స్ పోటీలో ఉన్నా దాటనివ్వరా? కిందటిసారి మీ చేయి జారింది అక్కడే.

క్లాక్‌టవర్_అనంత (అనంతపురం):

ఉన్నా దాటనివ్వను. ఆ సంఖ్యను కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ తెర అంచున అంటించాను. స్టఫ్ 50 కన్నా తగ్గిన రోజున మీ మాట ప్రకారం మౌండ్ మాన్పించి బ్యాట్ ఒక్కటే ఉంచుతాను. గేమ్‌లో కొత్త సీజన్ ఈ ఆదివారం మొదలుపెడుతున్నాను, జూన్‌లో అతను విసిరే మొదటి ఇరవై బంతుల వివరం ఇక్కడే రాస్తాను.