అప్‌డేట్: మాఘమాసంలోనే జైసల్మేర్ చూసి వచ్చాం

థార్ ఎడారి చూడడానికి దసరా సెలవులు మేలా, సంక్రాంతి తరువాతి రోజులు మేలా అని ఇదివరకు అడిగాను. అరసవల్లిలో రథసప్తమి దర్శనం చేసుకుని శ్రీకాకుళం నుంచి బయలుదేరితే, మాఘ పూర్ణిమతో ముగిసే ఎడారి ఉత్సవానికి రాజస్థాన్‌లోని జైసల్మేర్ చేరుకోవచ్చని మీలో ఒకరు చెప్పిన మాటనే పాటించాం.

అమ్మా నాన్నా పెద్దవారు కావడం వల్ల ఆ నిర్ణయం ఎంతో మేలు చేసింది. మే, జూన్ నెలల్లో అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, వడగాలులు వీస్తాయి. మేము వెళ్లినప్పుడు పగలు హాయిగా ఉండి, కోటలోని సందులన్నీ వారు నెమ్మదిగా నడిచి చూడగలిగారు. రాత్రి చలి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. మన తీరంలో గాలిలోని తేమ రాత్రిపూట కూడా వేడిని కొంత నిలిపి ఉంచుతుంది. అక్కడ ఆ తేమ లేకపోవడంతో పొద్దు గూకగానే ఇసుక వేగంగా చల్లబడి, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు కూడా పడిపోతుంది కాబట్టి, పెద్దవారికి శాలువా ఒక్కటే చాలదు, ఉన్ని స్వెట్టరు, మఫ్లరు తప్పనిసరి.

జైసల్మేర్ దగ్గరి సమ్ అనే ఊరి ఇసుక తిన్నెల దగ్గర ఉత్సవ రోజుల్లో జనం బాగా ఎక్కువ. నిండు వెన్నెల్లో తిన్నెలు ఎంత అందంగా ఉన్నా నక్షత్రాలు వెలవెలబోతాయి కనుక, ఆకాశం కోసమే వెళ్లేవారు అమావాస్య దరిదాపుల రోజులను ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఫలోదీ పట్టణం దగ్గరి ఖీచన్ అనే ఊళ్లో వలస కొంగలు మార్చి దాకా ఉంటాయి. జోధ్‌పూర్ నుంచి వెళ్లేటప్పుడు అక్కడ తప్పక ఆగండి.