ఫోర్ట్ మిల్‌లో సోలార్: స్టేట్ క్రెడిట్ డబ్బులు ఎన్నాళ్లకు పడతాయి?

కొత్తిల్లు: అందరికీ నమస్కారం. మార్చిలో సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మిల్‌లో ఇల్లు కొన్నాం. సోలార్ అమ్మే అబ్బాయి 28,000 డాలర్లకు కొటేషన్ ఇచ్చి, సౌత్ కరోలినా 25 శాతం వెనక్కి ఇస్తుందన్నాడు. విజయవాడలో నాన్నగారు సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లు పెట్టిస్తే 78,000 రూపాయల సబ్సిడీ నేరుగా బ్యాంకులో పడింది. ఇక్కడ ఈ 7,000 ఎప్పుడు పడతాయి?

పాతకాపు: తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత, ముందు హెచ్‌ఓఏ, అదే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అనుమతి ఉత్తరం చేతికి వచ్చిందా? మేము 2021లో నోటిమాట నమ్మి ప్యానెళ్లు తెప్పించేశాం. వీధివైపు కనిపిస్తాయని కమిటీవాళ్లు ఆపేశారు. డ్రాయింగ్ మార్చి ఇస్తే అది పోయిందన్నారు, మళ్లీ ఇస్తే మీటింగ్ వచ్చే నెలన్నారు. ఈలోగా ప్యానెళ్లు గరాజ్‌లో, కారు బయట, దాని నిండా పసుపు చల్లినట్టు పుప్పొడి. బిగించేసరికి 2022 వచ్చింది, క్రెడిట్ కూడా ఆ ఏటికే జరిగింది.

షార్లెట్ అన్న: ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 30 శాతం ఉంది కదా, రెండూ కలిపి 55 శాతం. కళ్లు మూసుకుని పెట్టించెయ్.

లెక్కల అక్క: కళ్లు తెరవండి సార్. ఇంటి సోలార్‌కి ఆ 30 శాతం 2025 డిసెంబర్ 31తో సరి.

షార్లెట్ అన్న: ఏదైనా మా నార్త్ కరోలినా 35 శాతం ఇచ్చేది.

పాతకాపు: ఎప్పుడు, 2015 దాకా! తాతలు నేతులు తాగారట, మూతులు వాసన చూడాలట.

లెక్కల అక్క: మీ ఇద్దరూ తర్వాత తేల్చుకోండి. బాబూ, ఇది సబ్సిడీ కాదు, బ్యాంకులో ఏమీ పడదు. నువ్వు స్టేట్‌కి కట్టాల్సిన ట్యాక్స్‌లో తగ్గిస్తారు, అంతే. అదీ ఏడాదికి 3,500 లేదా ఆ ఏటి ట్యాక్స్‌లో సగం, ఏది తక్కువైతే అది. 5,000 ట్యాక్స్ ఉంటే 2,500 చొప్పున రెండేళ్లు, మూడో ఏడు 2,000. వాడుకోగా మిగిలింది పదేళ్ల వరకు ముందుకు జరుపుకోవచ్చు. దీనికి నింపాల్సిన ఫారం టీసీ-38. ఇంతకీ ఉద్యోగం ఎక్కడ?

కొత్తిల్లు: ఇద్దరిదీ సరిహద్దు అవతల, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లోనే అక్కా, రోజూ ఆఫీసుకే.

లెక్కల అక్క: అసలు తిరకాసు అదే. మీ జీతాల మీద ట్యాక్స్ ముందు నార్త్ కరోలినాకి పోతుంది. అక్కడ కట్టినదానికి సౌత్ కరోలినా వేరే క్రెడిట్ ఇస్తుంది. అది పోగా ఇక్కడ మిగిలే ట్యాక్స్ కొంచెమే, సోలార్ క్రెడిట్ అందులోంచే వాడుకోవాలి. మా పక్కింటాయన ఇంటి నుంచే పని చేస్తాడు, ఆయనకి మూడేళ్లలో తీరిపోయింది. మీకు పదేళ్లు గడిచినా కొంత మిగిలిపోవచ్చు. కిందటేడు ట్యాక్స్ రిటర్న్ తీసి, చివర్లో సౌత్ కరోలినాకి ఎంత కట్టారో ఆ ఒక్క అంకె చూడు.

కొత్తిల్లు: ఇప్పుడే చూశాను. 610 డాలర్లు. ఆ అబ్బాయేమో రేపు ఆరింటికి సంతకాలకి వస్తానన్నాడు.

పాతకాపు: హెచ్‌ఓఏ ఉత్తరం వచ్చిందో లేదో ఇంకా చెప్పలేదు నువ్వు.