అప్‌డేట్: ఈమాక్స్‌లో ‘≤’ ఇప్పుడు కనిపిస్తోంది

ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, కోడ్‌లోని కొన్ని పదాలను తెరపై గుర్తులుగా చూపే ప్రెట్టిఫై సింబల్స్ మోడ్ ఆన్ చేస్తే, పైథాన్ కోడ్‌లోని లాంబ్డా (lambda) అనే పదం ‘λ’గా మారుతున్నా, నేను చేర్చిన ‘<=’ మాత్రం ‘≤’గా మారడం లేదని గత వారం ఒంగోలు నుంచి అడిగాను.

తప్పు నాదే. మోడ్ ఆన్ అయ్యే క్షణంలోనే ఈమాక్స్ గుర్తుల పట్టికను చదువుకుంటుంది కాబట్టి, నా సెట్టింగుల ఫైలులో మోడ్ ఆన్ చేసిన వరుస తరువాత రాసిన చేర్పు దాని లెక్కలోకే రాలేదు. ఆ రెండు వరుసలనూ తారుమారు చేయగానే ‘≤’ ప్రత్యక్షమైంది. కర్సర్‌ను గుర్తుపై ఉంచితే అసలు అక్షరాలు బయటపడేలా అన్‌ప్రెట్టిఫై సెట్టింగును కూడా పెట్టుకున్నాను. దిద్దేటప్పుడు అది లేకపోతే చికాకే.

అయితే మరో చిక్కు వచ్చింది. ఫైలులోని అక్షరాలు మారకపోయినా, తెరపై ఆరు అక్షరాల లాంబ్డా ఒక్క గడిలో ఇమిడిపోవడంతో, బ్రాకెట్ కిందికి జరిపి రాసిన కొనసాగింపు వరుసలు నా దగ్గర చక్కగా కనిపించి, లాంబ్డాను పూర్తి పదంగానే చూపే కావలిలోని సహోద్యోగి ఎడిటర్‌లో ఐదు గడులు ఎడమకు జరిగి కనిపించాయి. కోడ్ పనిచేయడానికి అడ్డు లేదు గానీ, ఆయన పరిశీలించిన ప్రతిసారీ నన్ను నిలదీస్తున్నారు. అందుచేత లాంబ్డాను పట్టికనుంచి తీసేసి, ఒక్క గడి మాత్రమే తేడా వచ్చే ‘≤’ను ఉంచుకున్నాను.