స్కిడ్ ప్లేట్లు: ముందు దేనికి, ఏ లోహం, ఎంత మందం?

మట్టిబాట

బండి అడుగుకి రాళ్ల దెబ్బ తగలకుండా స్కిడ్ ప్లేట్లు (కింద బిగించే లోహపు పలకలు) వేయించాలనుకుంటున్నాను. బండి నిచ్చెనలాంటి ల్యాడర్ ఛాసిస్ మీద కట్టిన డీజిల్ ఫోర్ బై ఫోర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికా చక్రం విడిగా కదిలేది), వెనక లీఫ్ పట్టీల మీద సాలిడ్ యాక్సిల్. కంపెనీ ఇచ్చిన రక్షణ అంటే రేడియేటర్ కింద పల్చటి రేకు, ఇంజిన్ కింద ప్లాస్టిక్ ట్రే, అంతే. ఆ వెనక గేర్‌బాక్స్, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ బోసిగా ఉన్నాయి. తిరగబోయేది రాళ్లదారి, లోతుగా గాడులు పడ్డ మట్టిదారి, కొన్నిచోట్ల దారి మధ్యలో మోకాలెత్తు ఎండుగడ్డి.

అడుగంతా ఒకేసారి కప్పించలేను. ఏది ముందు, ఏది తర్వాత? స్టీలా, అల్యూమినియమా? బండిని రెండంగుళాలు పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయిస్తే ప్లేట్ల అవసరమే ఉండదని ఒకరన్నారు. నిజమేనా?

పదోనంబర్ పానా

వరస తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: అది పగిలితే బండి అక్కడే ఆగిపోతుందా, కుంటుకుంటూ అయినా బయటపడుతుందా?

ఆ లెక్కన మొదటిది ఇంజిన్ ఆయిల్ చాంబర్. మీది పోత అల్యూమినియం చాంబరా, నొక్కిన రేకు చాంబరా అన్నది ముందు కింద దూరి చూసుకోండి. రేకుదైతే సొట్ట పడుతుంది. ఆ సొట్ట లోపలి ఆయిల్ పికప్‌కి (పంపు ఆయిల్ పీల్చుకునే గొట్టం మూతి) ఆనితే పంపుకి ఆయిల్ సరిగా అందదు. బయట చుక్క కూడా కారదు కాబట్టి ఇది తెలియకుండానే జరిగిపోతుంది. పోత చాంబరు సొట్ట పడదు, నేరుగా పగులుతుంది. నిమిషాల్లో ఆయిలంతా నేల పాలు. రేడియేటర్ అడుగు కూడా ఇదే వరసలో వస్తుంది. చాలా కిట్లలో ఈ రెండింటికీ కలిపి ముందు ప్లేటు, దాని వెనక ఇంజిన్ ప్లేటు ఉంటాయి. మీరు మొదట కొనాల్సింది ఆ జత.

రెండోది గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్. గట్టు ఎక్కి దిగేటప్పుడు ముందు, వెనక చక్రాల మధ్య భాగమే నేలకి ఆనుతుంది, అక్కడ వేలాడేవి ఈ రెండే. ఆటోమేటిక్ కాబట్టి గేర్‌బాక్స్ కింది పాన్ పల్చనిదై ఉంటే ఇంకా జాగ్రత్త. కూలర్‌కి వెళ్లే ఆయిల్ పైపులు ఎటునుంచి వెళ్తున్నాయో కూడా చూడండి. కొన్ని బండ్లలో అవి కేసింగ్ కంటే కిందకి దిగి ఉంటాయి.

మూడోది డీజిల్ ట్యాంకు. వెనక డిఫరెన్షియల్‌ని (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు, డిఫ్ అంటారు) చివరికి వదిలేయండి. దాని హౌసింగ్ మందపాటిది, దెబ్బలు బాగానే ఓర్చుకుంటుంది. అక్కడ చూసుకోవాల్సింది వెనకవైపు రేకు మూత, కిందకి పొడుచుకొచ్చిన డ్రెయిన్ ప్లగ్. దానికి ప్లేటు వేస్తే ఉన్న కాస్త ఎత్తులోనే ఇంకో సెంటీమీటరు పోతుంది.

లిఫ్ట్ మాట సగమే నిజం. లిఫ్ట్ వేస్తే ఛాసిస్, దానికి వేలాడే ఇంజిన్, గేర్‌బాక్స్ పైకి లేస్తాయి. వెనక యాక్సిల్, షాక్ అబ్జార్బర్ కింది బ్రాకెట్లు ఉన్నచోటే ఉంటాయి. వాటి ఎత్తు పెరిగేది పెద్ద టైరుతోనే, అదీ పెరిగిన వ్యాసంలో సగమే. 30 అంగుళాల టైరు తీసి 32 వేస్తే డిఫ్ కింద దక్కేది ఒక్క అంగుళం. పైగా ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ కదా, గుంతలో స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు ఇంజిన్ అడుగు చక్రాలతో సంబంధం లేకుండా కిందకి దిగుతుంది. రెండంగుళాలు లేపినా ఆ దిగడం ఆగదు.

వెల్డుమరక

లోహం సంగతి నేను చెప్తాను. రాయి మీద జారడంలో స్టీలుదే పైచేయి. అల్యూమినియం మెత్తన. మొనదేలిన రాయి దాన్ని చెక్కుకుంటూ పోతుంది, ఆ చెక్కులో రాయి పట్టుకుని బండి జారాల్సిన చోట నిలబడిపోతుంది. రాళ్ల మీద నిదానంగా పాకించే వాడకమైతే స్టీలే తీసుకోండి.

కానీ బరువు చూడండి. 4 మి.మీ. స్టీలు చదరపు మీటరుకి 31 కిలోలు, 6 మి.మీ. అల్యూమినియం 16 కిలోలు. "అల్యూమినియం వంగిపోతుంది" అనేవాళ్లు మందాన్ని లెక్కలోకి తీసుకోరు. ప్లేటు వంగకుండా నిలబడే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే స్టీలు లోహంగా మూడు రెట్లు బిర్రైనదే అయినా 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు 4 మి.మీ. స్టీలు ప్లేటుకి వంపు విషయంలో తీసిపోదు. 3 మి.మీ. అల్యూమినియం ప్లేట్లు మాత్రం అలంకారానికే.

అల్యూమినియం తీసుకుంటే 5052 రకం అడగండి. 6061-టి6 గట్టిదే గానీ మడిచే చోట పగుళ్లిస్తుంది. ఇంకో ఇబ్బంది: అల్యూమినియం, స్టీలు బోల్టు తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, బోల్టు చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటుంది. జింకు పూత బోల్టులు, కింద నైలాన్ వాషర్, మరలకి యాంటీ సీజ్ పేస్టు (బోల్టు బిగుసుకుపోకుండా రాసేది) వాడితే చాలావరకు తప్పుతుంది.

మీరు చెప్పిన దారులకి నా ఓటు: ముందు, ఇంజిన్ ప్లేట్లు స్టీలు 3 లేదా 4 మి.మీ., గేర్‌బాక్స్ నుంచి వెనక్కి అల్యూమినియం 6 మి.మీ. మొత్తం స్టీలే వేస్తే ముందు స్ప్రింగ్‌లు కుంగుతాయి. ప్లేటు వేసి ఎత్తు పోగొట్టుకోవడం ఏం లాభం?

లోరేంజ్

మందం మీద ఇంత చర్చ జరుగుతుంది గానీ, ప్లేట్లు విఫలమయ్యేది ఎక్కువగా బోల్టుల దగ్గర. బోల్టు తల ప్లేటు అడుగు కంటే కిందకి పొడుచుకొస్తే మొదటి రాయికే దాని మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత ఆయిల్ మార్చాలంటే గ్రైండరే గతి. ప్లేటులో తల కూర్చునే గుంట నొక్కి ఉన్న డిజైనే కొనండి.

రెండు ప్లేట్లు కలిసే చోట ముందు ప్లేటు వెనక అంచు, వెనక ప్లేటు ముందు అంచుకి కింద ఉండాలి, పెంకుటింటి మీద పెంకుల్లా. తిరగేసి బిగిస్తే ఆ అంచు పార అయి మట్టినంతా లోపలికి తోడుతుంది. చిట్టచివరి ప్లేటు వెనక అంచు పైకి మడిచి ఉండాలి, లేదంటే రివర్స్‌లో రాయికి తగులుకుంటుంది.

చాంబరుకీ ప్లేటుకీ మధ్య 20 నుంచి 25 మి.మీ. ఖాళీ వదలండి. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, ప్లేటు దెబ్బకి లోపలికి ఒంగుతుంది, రెండూ కలిసే చోటు అదే. ఆ ఖాళీలో రబ్బరు ముక్కలు కూరేవాళ్లున్నారు. అలా చేస్తే దెబ్బ నేరుగా చాంబరుకి చేరుతుంది. ప్లేటు గేర్‌బాక్స్ కేసింగ్ చెవులకి బిగించేదైతే అసలు తీసుకోవద్దు, భారం ఛాసిస్ మీదే పడాలి.

బిగించేటప్పుడు బోల్టులన్నీ చేత్తో రెండు మూడు మరలు ఎక్కించి, ప్లేటు సర్దుకున్నాకే టార్క్ పెట్టండి. కిట్ కాగితంలో వేరే అంకె లేకపోతే ఎం10, 8.8 గ్రేడుకి సుమారు 45 న్యూటన్ మీటర్లు. మరలకి పేస్టు రాస్తే ఇంకాస్త తగ్గించాలి, లేదంటే బోల్టు సాగుతుంది. తల మీంచి ప్లేటు మీదకి పెయింటుతో గీత గీయండి. మొదటి గరుకు దారి తర్వాత గీత విరిగి కనిపించిన బోల్టు వదులైనట్టే.

మట్టిబాట

చాలా ఉపయోగపడింది, థాంక్సండీ. ఇంకొక్కటి. మొత్తం మూసేస్తే గేర్‌బాక్స్ వేడెక్కదా? ఎండుగడ్డి సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

పదోనంబర్ పానా

గేర్‌బాక్స్ ప్లేటుకి గాలి కంతలు లేకపోతే వేడెక్కుతుంది, అందులోనూ ఇసుకలో లో రేంజ్‌లో (నిదానంగా, ఎక్కువ లాగుడుతో నడిపే గేరు) గంటల తరబడి నడిపితే. కంతలున్నదే తీసుకోండి. ఆయిల్ టెంపరేచర్ చూపించే సదుపాయం ఉంటే ప్లేటుకి ముందు, తర్వాత పోల్చుకోండి.

గడ్డి అంతకంటే ప్రమాదం. సైలెన్సర్ పైపుకీ ప్లేటుకీ మధ్య సందులో గడ్డి దూరి గూడు కడుతుంది. పొగలోని మసిని పట్టే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, ఆ మసిని కాల్చి తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు లోపల 600 డిగ్రీల దాకా వెళ్తుంది, ఎండుగడ్డి అంటుకోవడానికి అంత అక్కర్లేదు. కాబట్టి ఫిల్టర్, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న పక్కన ప్లేటుతో మూయొద్దు. గడ్డి దారిలో ప్రతి గంటకీ ఆగి టార్చితో అడుగు చూడండి, పొడుగు కొక్కెం కడ్డీతో గడ్డి లాగేయండి, చేతులు పెట్టొద్దు. ఫిల్టర్ శుభ్రం చేసుకుంటోందని చూపే లైటు వెలుగుతుంటే గడ్డి మీద బండి నిలపొద్దు. మంటలార్పే సిలిండర్ వెనక సామాన్ల కింద కాకుండా డ్రైవరు చేతికందేలా ఉంచండి.

బురదకి వెళ్లొచ్చాక ప్లేట్లు విప్పి కడగండి. లోపల ఎండిన బురద కిలోల్లో పేరుకుంటుంది, తడి పట్టి ఉంచి ఛాసిస్‌ని తుప్పు పట్టిస్తుంది. పైనుంచి నీళ్లు కొడితే అది రాదు.

వెల్డుమరక

ప్లేట్లు కాపాడలేనివి రెండున్నాయి. వెనక యాక్సిల్ మీద బ్రేకు పైపులు, ఏబీఎస్ వైర్లు. కొమ్మ పైకి లేచి వీటినే పట్టి లాగుతుంది. క్లిప్పులు ఊడి ఉంటే ముందు అవి మార్చండి. రబ్బరు బ్రేకు గొట్టాన్ని ప్లాస్టిక్ టైతో గట్టిగా కట్టేయొద్దు. యాక్సిల్ పూర్తిగా కిందకి వేలాడినప్పుడు దానికి ఇంకా వదులు మిగలాలి. జాకీ ఛాసిస్‌కి పెట్టి లేపి, స్టాండ్లు వేశాక చూసుకోండి.

సామాన్లలో రెండు రకాల ఎపాక్సీ మట్టి (పిసికి అద్దితే గట్టిపడే అతుకు ముద్ద) పెట్టుకోండి: లోహానికి ఒకటి, డీజిల్ తగిలినా పట్టు వదలనిది ఒకటి. చాంబరు పగిలితే ఆయిల్ లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ ఆపేయాలి. పగులు చుట్టూ జిడ్డు బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా పోయేదాకా తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, అప్పుడు మట్టి అద్దాలి. జిడ్డు మీద అద్దితే అరగంటలో ఊడొస్తుంది. ఇంజిన్‌కి పట్టేంత ఆయిల్ బండిలో లేకపోతే అతుకు వేసీ లాభం లేదు.